అద్దం మీద బొట్టుబిళ్ళ

చెప్పులు లీలావతివే. అందులో సందేహం లేదు. ఆవిడ ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తుంది, అందుకని ఎడమ చెప్పు మడమ లోపలివైపు అరిగిపోయి ఉంటుంది. పోయిన దీపావళికి సింగపూర్ చివర వుడ్‌ల్యాండ్స్‌లో వాళ్ళ ఫ్లాట్ గుమ్మం ముందు అంతమంది చెప్పుల మధ్య నావనుకుని వాటినే తొడుక్కుని లిఫ్టు దాకా పోయాను. కాలు పక్కకి ఒరుగుతుంటే చూసుకుని వెనక్కొచ్చాను. అప్పటికే గుమ్మంలో నిలబడి నవ్వుతోంది, "వసుంధరా, మర్యాదగా నా చెప్పులు విడిచెయ్యి, లేకపోతే నీకూ నా నడకే వస్తుంది" అని.

ఆ చెప్పులు ఇప్పుడు సింగపూర్ రేవులో ఆగిన ఓడలో, ఆఫీసు గదిలో బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి.

"ఇవే బాబూ," అన్నాను.

వీరభద్రరావు తలూపాడు. ఆంధ్రాలో పోలీసు ఉద్యోగం చేసి రిటైరై, కొడుకు దగ్గరికని సింగపూర్ వచ్చి, ఈ ఓడ కంపెనీలో భద్రతా సలహాదారుగా కుదురుకున్న మనిషి. మీసం తెల్లబడింది గానీ దాని మెలి పోలేదు.

"విన్నారుగా సుధాకరరావుగారూ. ఇవి వెనక డెక్కు మీద, కమ్మీ పక్కన జతగా విడిచిపెట్టి ఉన్నాయి. మీ అమ్మగారు మొన్న సాయంత్రం మలక్కాలో ఓడెక్కారు. ఎక్కేటప్పుడు ఆవిడ గుర్తింపు కార్డు తాకించినట్టు మెషీన్ చెబుతోంది. గదికెళ్ళి టీ తెప్పించుకున్నారు. తెల్లారి ఓడ సింగపూర్ చేరేసరికి మనిషి లేరు. నాన్నగారు పోయి ఏడాదైనా కాలేదంటున్నారు. మనసు బాగోక..."

"మా అమ్మ అలాంటి పని చెయ్యదండీ." లీలావతి కొడుకు సుధాకరరావు చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. బ్యాంకులో అంత పెద్ద ఉద్యోగం, అద్దంలా ఉండే మనిషి. "మొన్న మధ్యాహ్నం మలక్కా నుంచి ఫోన్ చేసింది. నేను మీటింగులో ఉన్నాను. ఎత్తలేదు."

పొద్దున్నించీ ఆ మాటే అంటున్నాడు, ఎవరూ అడక్కుండానే.

"పడవలు నిన్నంతా వెతికాయి, ఇప్పుడూ వెతుకుతున్నాయి," అన్నాడు వీరభద్రరావు, ఈసారి గొంతు తగ్గించి. "సముద్రం తీసుకున్నదాన్ని ఎప్పుడిస్తుందో చెప్పలేం. మీరు మనసు గట్టి చేసుకుని జరగవలసిన కర్మ మొదలుపెట్టుకోండి."

"ఒక్క నిమిషం అంకుల్," అంది నిఖిల.

నిఖిల నా కూతురి కూతురు. తంజోంగ్ పగార్‌లో పాత మేడ మీద చిన్న ఆఫీసు పెట్టుకుని డిటెక్టివ్ పని చేస్తుంది. సుధాకరరావు ఈ పని అప్పగించింది దానికే. లీలావతి సామాను గుర్తుపట్టేదాన్ని నేనే కదా అని నన్ను జురాంగ్ ఈస్ట్‌లో మా ఇంటి నుంచి వెంటబెట్టుకొచ్చింది. పెనాంగ్, మలక్కా, సింగపూర్, ఇలా ఒకప్పుడు ఓడల మీద బతికిన ఊళ్ళన్నీ చూపించే చిన్న ఓడ ఇది. ఈసారి తెలుగు పెద్దవాళ్ళ జట్టు ఒకటి బయల్దేరితే నన్నూ రమ్మంది లీలావతి. మోకాళ్ళని సాకుపెట్టి మానేశాను.

"గది చూడొచ్చా?"

"చూడు పాపా. పోలీసులు ఫోటోలు తీసుకుపోయారు. నేనూ చూశాను. నువ్వు కూడా చూడు, ముచ్చట తీరుతుంది."

"థ్యాంక్యూ అంకుల్." ఆ అంకుల్ అనే మాటని అది ఎలా అంటుందంటే, మీసం మెలి దానంతటదే సడలిపోవాలి.

గది అగ్గిపెట్టంత ఉంది. మంచం, చిన్న బీరువా, ఓ కిటికీ. బల్ల మీద టీ కప్పు నిండుగా ఉంది, పైన మీగడ కట్టి. పక్కనే విభూతి డబ్బా, షుగర్ మాత్రలు. ఆ మాత్రలు లేకుండా లీలావతికి పూట గడవదు. నిఖిల బీరువా తీసి, మంచం కింద టార్చి వేసి చూసి, లేచి నిలబడింది.

"సుధాకర్ అంకుల్, మలక్కాలో దిగేటప్పుడు లీలావతిగారి కాళ్ళకి ఏమున్నాయి?"

"బూట్లు. తెల్లవి. అక్కడంతా నడకే అన్నారని నేనే కొన్నాను. వేసుకుని ఫోటో కూడా పంపించింది."

ఫోన్ తీసి చూపించాడు. ఒడ్డుకి తీసుకుపోయే చిన్న పడవలో లీలావతి, నేత చీర కింద తెల్లబూట్లు. పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోంది.

"ఆ బూట్లు ఏవి?" అంది నిఖిల.

అందరం గదంతా కలయజూశాం. బూట్లు లేవు.

"తిరిగొచ్చారనుకుందాం. బూట్లు విప్పి, చెప్పులేసుకుని డెక్కు మీదికి వెళ్ళారనుకుందాం. బూట్లు ఇక్కడ ఉండాలి కదా?"

"వానలో తడిసుంటాయి. పారేసుంటారు," అన్నాడు వీరభద్రరావు.

"లీలావతా? పారేయడమా?" నా నోరు ఆగలేదు. "నెయ్యి సీసా ఖాళీ అయితే కడిగి, ఎండబెట్టి, లేబులు గోకి దాచుకునే మనిషి నాయనా! కొడుకు కొన్న కొత్త బూట్లు పారేస్తుందా?"

నిఖిల అప్పటికే బాత్‌రూములోకి వెళ్ళింది. తర్వాత "అమ్మమ్మా, ఒకసారి రా," అంది.

అద్దం పైన ఎడమ మూలకి ఓ బొట్టుబిళ్ళ అంటించి ఉంది. ముదురు ఎరుపు, మధ్యలో చిన్న తెల్లరాయి.

మన ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే. ముఖం కడుక్కునే ముందు చెయ్యి నుదుటి మీదికి పోతుంది, బిళ్ళ అద్దం మీదికి పోతుంది. మా ఇంట్లో నేనూ, కోడలూ, వచ్చిన చుట్టాలూ కలిసి అద్దాన్ని పాడుచేశామని మా వారు బతికున్నన్నాళ్ళూ గోల పెట్టేవారు, గడ్డం గీసుకుంటుంటే చెంప మీద చుక్కలు కనపడుతున్నాయని. చూడగానే నాకదే గుర్తొచ్చింది గానీ, ఆ వెంటనే కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాను.

"ఇది లీలావతిది కాదు," అన్నాను.

"ష్యూరా?"

"నువ్వు పుట్టిన ఏడు మన పక్కింటి పెళ్ళిలో ఎవరో బలవంతాన బిళ్ళ పెట్టారే దానికి. ఆ జిగురు పడలేదు. సాయంత్రానికి నుదురు నిమ్మకాయంత వాచింది. పీటల మీది పెళ్ళికొడుకుని మానేసి జనమంతా దాన్నే చూశారు. అప్పట్నుంచీ కుంకుమే. ఆయన పోయాక అదీ మానేసి విభూతి గీత పెట్టుకుంటోంది. బొట్టుబిళ్ళ దాని పెట్టెలో కూడా ఉండదు."

నిఖిల నా పక్కన నిలబడి అద్దం వైపు చెయ్యి చాపింది. లీలావతి నా భుజం దాకా వస్తుంది. నాకే ఆ మూల అందాలంటే మునివేళ్ళ మీద లేవాలి.

వీరభద్రరావు గుమ్మంలోంచి నవ్వాడు. "బొట్టుబిళ్ళ పట్టుకుని కేసు తిప్పేస్తావా పాపా? ముందు ట్రిప్పులో ఎవరో అంటించి ఉంటారు."

"మలక్కా రోజు మధ్యాహ్నం అద్దంతో సహా గదంతా తుడిచానని గది శుభ్రం చేసే అతను పొద్దున నాకు చెప్పాడు అంకుల్. ఆ తర్వాత ఈ గదిలోకి ఒక ఆడమనిషి వచ్చింది. పొడుగు మనిషి. ముఖం కడుక్కుంది. ఆవిడ లీలావతిగారు కాదు."

"మరి మెషీన్‌కి తాకిన కార్డు?"

"కార్డు తాకింది. మనిషిని ఎవరు చూశారు?"

"గార్డు చూశాడు."

"చూళ్ళేదు. నేనడిగాను. ఆ సాయంత్రం జోరువాన. పెద్దవాళ్ళు తడుస్తూ వరసలో నిలబడకూడదని గ్రూప్ హోస్టెస్ అందరి కార్డులూ తన చేతిలో పెట్టుకుని, తనే ఒక్కోటీ తాకించింది. రోజూ అంతేనట. 'షీ వెరీ కైండ్ లా' అని గార్డు ఎంత మెచ్చుకున్నాడో! టీ తెచ్చినతనూ మనిషిని చూళ్ళేదు. బాత్‌రూములో నీళ్ళ చప్పుడు, థ్యాంక్యూ అన్న ఓ ఆడగొంతు, అంతే విన్నాడు. మలక్కా నుంచి బయల్దేరాక ఈ ఓడ మీద లీలావతిగారి ముఖం చూసినవాళ్ళు ఒక్కరు లేరు. మీరు సముద్రంలో వెతికిస్తున్నారు. ఆవిడ అసలు ఓడే ఎక్కలేదు."

సుధాకరరావు మంచం అంచు పట్టుకున్నాడు. "అంటే... అంటే అమ్మ..."

"ఇప్పుడే ఏమీ అనుకోవద్దు అంకుల్. కానీ పిండాల మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి."

వీరభద్రరావు ముఖం కందగడ్డలా అయింది. "నా ఉద్యోగమంత వయసు లేదు నీకు! నా నిర్ణయం తప్పని కొడుకు ముందు చెబుతావా? సరే. నువ్వనేది అబద్ధమని నేనే తేలుస్తాను," అని విసురుగా వెళ్ళిపోయాడు. పోతే పోయాడనుకున్నాం.

గంట తర్వాత భోజనాల హాల్లో ఓ మూల బల్ల దగ్గరికి హోస్టెస్‌ని పిలిపించింది నిఖిల. పేరు అరుణశ్రీ. నలభై ఏళ్ళుంటాయి, నిటారుగా పొడుగ్గా ఉంది, ముదురు ఎరుపు అంచు చీర. ఆవిడ భర్త చక్రధర్ ఈ ఓడ మీదే ఊళ్ళ చరిత్ర గురించి ఉపన్యాసాలు చెబుతాడు. డచ్చివాళ్ళ కోటలూ, మన బందరు నుంచి ఆ ఊళ్ళకి వెళ్ళిన అద్దకం బట్టలూ అన్నీ కళ్ళకు కట్టినట్టు చెబుతాడని లీలావతే పెనాంగ్ నుంచి ఫోన్లో మెచ్చుకుంది నాకు.

"లీలావతి ఆంటీ నన్ను కూతురిలా చూసుకునేవారండీ," అంది అరుణశ్రీ, కూర్చుంటూనే.

"ఆవిడ కార్డు మీరే తాకించారా?"

"అవునండీ. పెద్దవాళ్ళందరివీ నా దగ్గరే ఉంటాయి. వాళ్ళు పోగొట్టుకుంటారని."

"అప్పుడు ఆవిడ మీకు ముందున్నారా, వెనకున్నారా?"

"వెనకాల. గొడుగు వేసుకున్నారు."

"ఎక్కాక మీరెక్కడికి వెళ్ళారు?"

"కింద మా గదికి. బాగా తడిసిపోయాను."

"ఆవిడ గదికి వెళ్ళలేదా?"

"గెస్టుల గదుల్లోకి మేం వెళ్ళకూడదండీ. ఆ గదిలో ఏనాడూ కాలు పెట్టలేదు."

"ఆవిడ కాళ్ళకి ఏమున్నాయి?"

అరుణశ్రీ కొంగు సర్దుకుంది. "చెప్పులేనండీ. డెక్కు మీద దొరికినవే."

"మా అమ్మ బూట్లు వేసుకుంది!" సుధాకరరావు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

నిఖిల అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అరుణశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు సరిగ్గా గుర్తులేదండీ... ఆ వానలో... రెండు రోజులుగా నిద్ర లేదు... ముఖం కడుక్కుని వస్తాను."

నిఖిల నా వైపు చూసింది. నేను లేచి అరుణశ్రీ వెంట నడిచాను. ముసలిదాన్ని, బాత్‌రూముకి వస్తుంటే వద్దనేదెవరు?

కుళాయి ముందు నిలబడి అరుణశ్రీ ఏడుస్తూనే ఉంది. చెయ్యి నుదుటి మీదికి పోయింది. బిళ్ళ ఊడింది. చెయ్యి పైకి లేచింది. చూడకుండానే, ఎవరి చెయ్యో అన్నట్టు, అద్దం పైన ఎడమ మూలకి అంటించేసింది. ముదురు ఎరుపు, మధ్యలో తెల్లరాయి. వంగి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది, కొంగుతో తుడుచుకుంది, తలుపు వైపు తిరిగింది.

"అమ్మాయ్," అన్నాను. "బొట్టు మర్చిపోయావు."

"అయ్యో," అని అద్దం మీదికి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. అద్దంలో నా ముఖం కనపడిందో, లీలావతి గదిలో అద్దం గుర్తొచ్చిందో. నేను కేకలు వెయ్యలేదు. ఎందుకో దాన్ని చూస్తే కోపం రాలేదు, భయమేసింది. ఒక్కటే అడిగాను.

"బతికుందా?"

అరుణశ్రీ గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. "రాత్రి మా ఆయన కారులో వెళ్ళి చూసొచ్చి, ఈ పొద్దుటి వరకూ ఉన్నారన్నాడండీ."

నేను నిఖిలని కేకేశాను. ఆ నేల మీదే, ఆ తడిలోనే చెప్పింది అంతా. చక్రధర్ చెప్పే చరిత్ర పైకి. లోపల వాడు చేసేది గుళ్ళలోంచి పోయిన పంచలోహ విగ్రహాలు ఓడల మీద ఊరు దాటించడం. మలక్కాలో ఓ పాతసామాను దుకాణం వెనక గదిలో ఒక విగ్రహం పెట్టాడు. లీలావతి జట్టు నుంచి తప్పిపోయి, మంచినీళ్ళడగడానికి ఆ దుకాణంలోకి వెళ్ళింది. లోపల రాజగోపాలస్వామి కనపడ్డాడు. లీలావతి వాళ్ళ నాన్న అర్చకుడు. వాళ్ళ గుడి ఉత్సవమూర్తి అది. చిన్నప్పుడు చింతపండు పెట్టి తోమేది. వేణువు పట్టిన చేతి చిటికెన వేలు విరిగితే రాగి ముక్కతో అతికించారట, ఆ అతుకు చూసి పోల్చుకుంది. లీలావతి పెళ్ళయిన ఏడే ఆ స్వామిని దొంగలెత్తుకుపోయారు. ఆ సంగతి చెప్పి నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు.

"స్వామి ముందు కూలబడిపోయారండీ. లేవమంటే లేవరు. కొడుక్కి ఫోన్ చేశారు, ఎత్తలేదు. మళ్ళీ చెయ్యబోతుంటే మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. రెండు రోజులు ఓ ఇంట్లో ఉంచి, విగ్రహం దాటించాక వదిలేస్తానన్నాడు. ఆవిడ ఓడెక్కినట్టు చేసి, చెప్పులు కమ్మీ పక్కన పెట్టమన్నాడు, చేశాను."

"వదిలేస్తే ఆవిడ బయటికొచ్చి చెప్పదా?" అంది నిఖిల.

అరుణశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ప్రశ్న తనకి ముందే తట్టిందని, దాన్ని చూడకుండా రెండు రోజులు తల తిప్పుకుందని ఆ ముఖంలోనే తెలిసింది.

సుధాకరరావు తలుపు బయట నిలబడి అంతా విన్నాడు. ఆ ఎత్తని ఫోన్ గురించి ఇంకొక్క మాట అనలేదు.

నిఖిల హాల్లోకి పరుగెత్తింది. వీరభద్రరావు ఎదురొచ్చాడు, గెలిచినవాడి నడకతో.

"చక్రధర్ ఎక్కడ?"

"పంపించాను." ఆయన మీసం సవరించుకున్నాడు. "మలక్కా సందులన్నీ తెలిసినవాడు. నిఖిల పాప ఇలా అంటోంది, ఆవిడ అక్కడే ఉందట, నువ్వే వెళ్ళి లేదని చూసి రావయ్యా అన్నాను. పాపం, వెంటనే కారేసుకుని..." మా ముఖాలు చూసి మాట మింగేశాడు.

అప్పుడే మా వెనకే వచ్చిన అరుణశ్రీ చేతిలో ఫోన్ మోగింది. అరుణశ్రీ నిఖిల వైపు చూసింది. నిఖిల అందరికీ వినపడేట్టు నొక్కి, మాట్లాడమన్నట్టు సైగ చేసింది.

"హలో," అంది అరుణశ్రీ.

"విను. నువ్వేం మాట్లాడకు." నెమ్మదిగా, చదువుకున్నవాడి గొంతు. "వాళ్ళకి తెలిసిపోయింది. ఆ మీసాలాయనే చెప్పాడు. నేను వుడ్‌ల్యాండ్స్ దగ్గర సరిహద్దు బ్రిడ్జి దాటేశాను. సాయంత్రానికి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. ఏమడిగినా నీకు తెలియదను." ఫోన్ ఆగిపోయింది.

వీరభద్రరావు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. ఒక్కసారిగా నాకంటే ముసలివాడైపోయాడు. "సరిహద్దు అవతల నాకు తెలిసిన పోలీసాఫీసరున్నాడు. కారు నంబరు చెప్పమ్మా. దారిలోనే ఆపించేస్తాను."

"ఆగండి." నిఖిల అరుణశ్రీ భుజాలు పట్టుకుంది. "ఇల్లెక్కడ? గుర్తు చెప్పు. వీధి, రంగు, ఏదైనా."

"నాకు తెలియదండీ! ఒట్టు. నన్ను సందు మొదట్లోనే ఆపేశాడు. దుకాణంలో కూడా లేరు, ఆ రోజే మార్చేశాడు. ఆ ఇల్లు ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు."

నిఖిల మెల్లగా అంది, "దారిలో ఆపితే అతను నోరు విప్పడు. తెలివైనవాడు. విప్పితే నేరం ఒప్పుకున్నట్టే. ఈలోగా తాళం వేసిన గదిలో ఆవిడ... మాత్రలు లేకుండా, నీళ్ళు లేకుండా."

"ఆపకపోతే?" అన్నాడు వీరభద్రరావు.

దానికి జవాబు అందరికీ తెలుసు. నిఖిల సుధాకరరావు వైపు చూసింది. నేనూ చూశాను. నా కూతురో కొడుకో నా కోసం అలాంటి నిర్ణయం చెయ్యవలసి వస్తే, అనుకుంటూ నిఖిల చెయ్యి పట్టుకున్నాను.

సుధాకరరావు గోడకేసి తిరిగి ముఖం తుడుచుకున్నాడు. తిరిగినప్పుడు ముఖం పొడిగా ఉంది.

"ఆపొద్దండీ. మా అమ్మ దగ్గరికి దారి తెలిసినవాడు వాడొక్కడే. వాణ్ణి పోనివ్వండి." వీరభద్రరావు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కానీ వాడు తలుపు తీసేసరికి వెనక మనిషి ఉండాలి."

వీరభద్రరావు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. కారు నంబరు అరుణశ్రీ చెబుతుంటే ఒక్కో అంకే పలికాడు. అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "ఆపకండి. కనపడకుండా వెంటే ఉండండి."